రాగులు అమ్ముదాం, మాత్రలు మానమని చెప్పొద్దు

"రాగుల్లో మెగ్నీషియం ఉంది, సంగటి తింటే షుగర్ మాత్రలతో పనిలేదు" అని చెప్పి అమ్మడం మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క బాగా వినబడతా ఉంది. ఇందులో సగమే నిజం.

మెగ్నీషియం తక్కువైతే టమోటా ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు తేలడం మనం చూస్తూనే ఉంటాం. ఒంట్లో కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయాలంటే మెగ్నీషియం కావాలి. షుగర్ అదుపులో లేకపోతే అది మూత్రంలో పోతుంది. ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడినా తగ్గొచ్చు. అలా తగ్గినప్పుడు షుగర్ అదుపు చేయడం ఇంకా కష్టం.

100 గ్రాముల రాగుల్లో మెగ్నీషియం సుమారు 140 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 20 చిల్లర. కాబట్టి సంగటి మంచిదే. కానీ అవే రాగుల్లో పిండిపదార్థం 70 గ్రాముల దాకా ఉంది. ముద్ద పెద్దదైతే షుగర్ పెరుగుతుంది.

మెగ్నీషియం మాత్రలు సొంతంగా కొనుక్కోవడం ఇంకా ప్రమాదం. మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్ర కలిపి వేసుకుంటే ఆ మాత్ర తొందరగా ఒంటికెక్కి షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నోళ్ళకు మెగ్నీషియం ఒంట్లోనే నిలిచిపోతుంది. డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

ప్యాకెట్ మీద "జీవామృతంతో పండించిన రాగులు" అని రాద్దాం, చాలు. మన మాట నమ్మి మాత్ర మానేసిన మనిషికి ఏమైనా అయితే, ఆ పాపం ఏ లాభంతోనూ పోదు.

రాగిలో అనప సాళ్ళు వేసే పద్ధతి పై వీడియోలో ఉంది, చూడండి.