కుంభవృష్టి - కాలువల బాధ్యత

వర్షాకాలమంతయు వాన సమముగా కురియదు. కొన్ని దినములు ఎడతెగక కురిసి, మరికొన్ని దినములు మొగము చాటువేయును. సాలు మొత్తముమీద వర్షపాతము లెక్కకు సరిపోయినను, అందు పెద్దపాలు రెండు దినములలోనే కురిసినచో కాకుమాను మాగాణులు చెరువులగును. కావున ఈ హఠాద్వర్షములకు హేతువేమని విచారించుట అవసరము.

హేతువు ఒక్కటి గాదు. హిందూమహాసముద్రమున భూమధ్యరేఖయొద్ద పుట్టిన మేఘసమూహములు తూర్పునకును, ఉత్తరమునకును కదలును. ఈ కదలిక మరల వచ్చుటకు 30 మొదలు 60 దినములు పట్టును. రాజస్థానమునుండి బంగాళాఖాతమువఱకు వ్యాపించు అల్పపీడన ద్రోణి హిమాలయ పాదములకు జరిగినచో మధ్యదేశమున వాన వెనుకంజ వేయును; అది దక్షిణమునకు దిగి, తూర్పుకొన సముద్రమును చేరినచో వాయుగుండము పుట్టుటకు అనువగును. ఆ వాయుగుండము వెచ్చని సముద్రపు టావిరిని పైకెత్తి, చల్లార్చి, నేలపై కుమ్మరించును. గాలి ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినచో నూటికి సుమారు 7 పాళ్ల ఆవిరిని అధికముగా మోయగలదు. భూమండలము వేడెక్కుచున్న ఈ దినములలో ఇది ఉపేక్షింపదగిన సంగతి గాదు.

2024 సంవత్సరమున ఆగస్టు 31వ తేది అర్ధరాత్రి గడచిన పిమ్మట ఒక వాయుగుండము కళింగపట్టణమువద్ద తీరము దాటెను. కేంద్రము శ్రీకాకుళము జిల్లా దరిని ఉండగా, మునిగినది విజయవాడ! వర్షాకాలపు వాయుగుండమునకు నైరృతిభాగముననే వాన ఉద్ధృతముగా కురియుట ఇందులకు కారణము. సెప్టెంబరు 2న ప్రకాశము బ్యారేజినుండి విడిచిన నీరు 11 లక్షల క్యూసెక్కులను మించెను. గుండము దూరముననున్నదని మనము ధైర్యము చెప్పుకొనరాదు.

వాయుగుండపు జాడ కొన్ని దినములు ముందుగా తెలియవచ్చుచున్నది. ఏ ఊరున ఎంత కురియునో నిశ్చయించుట మాత్రము నేటికిని కష్టసాధ్యము. అందుచేత ఆకసమున మేఘము కమ్మిన పిమ్మట పాఱలు వెదకుట అవివేకము. నల్లమడవంటి మురుగు కాలువలలోని పూడికను, గుర్రపుడెక్కను వేసవిలోనే తీయింపవలసిన బాధ్యత ప్రభుత్వముది. కాలువగట్టును దున్నుకొనిన ఆసామి తన హద్దునకు మరలుట అతని ధర్మము. ఎగువచేను మునిగినను తన చేను తేలునని ఎవ్వరును భ్రమింపరాదు; ఆ నీరే మఱునాడు దిగువకు వచ్చును.

మేఘమును శాసించుట మనచేతిలో లేదు. మురుగునకు దారి విడుచుట మనచేతిలోనే యున్నది. ఆ పనికి వచ్చు వేసవినైనను వినియోగింపుడని ప్రభుత్వమును, రైతులను మేము కోరుచున్నాము.