ముందు బూట్లు, తర్వాతే బనీన్లు

ఊళ్ళో టోర్నమెంటు అనగానే మొదట ఏమొస్తాయి? బనీన్లొస్తాయి. వెనక నెంబరు, ముందర డబ్బులిచ్చిన పెద్దమనిషి పేరు. ఆ పేరు పక్క ఊరికి కూడా కనపడాలి గదా! ఆడేవాడి కాలికి ఏముందో మాత్రం ఏ పెద్దమనిషీ వంగి చూడడు. వంగితే నడుం పట్టేస్తుందో, గౌరవం జారిపోతుందో!

ఇప్పుడు పట్నంలో కొత్త ఆటొకటి వచ్చింది. పేరు పికిల్‌బాల్. (ఆవకాయకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.) 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టింది. చిన్న బ్యాటు, చిల్లుల ప్లాస్టిక్ బంతి. కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే అచ్చం మన షటిల్ డబుల్స్ కోర్టే. డబ్బున్నోళ్ళ ఆట మనకెందుకంటారా? ఆ కోర్టు ఊడ్చే చేతికి రేపు బ్యాటు రావాలి. వచ్చిన రోజున కాలికి ఏముండాలో ముందే తెలిసుండాలి. పైగా ఇక్కడ చెప్పేదాంట్లో చాలా భాగం షటిల్‌కీ, వాలీబాల్‌కీ కూడా వర్తిస్తుంది.

వట్టి కాళ్ళతో ఆడటమే మన గొప్ప అని పొగిడే మేధావులు కొందరున్నారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. ఆ కథ ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. 1952 హెల్సింకి సంగతి చెప్పరేం? అక్కడ యుగోస్లావియా 10-1తో తొక్కేసింది. అప్పుడు కోచ్ మన హైదరాబాదు రహీం సాబ్. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. వట్టి కాలు అంత గొప్పదైతే, పొగిడేవాళ్ళ పిల్లల కాళ్ళకు సాక్సులెందుకు? మన తాతలు ఇష్టపడి వట్టి కాళ్ళతో నడవలేదు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగే, దొర గడీ ముందు తన చెప్పులు చేత పట్టుకుని నడిచాడు.

సరే, బూట్లు కొనడానికి పోతే ఏమవుతుంది? షాపువాడు రన్నింగ్ బూట్లు తెచ్చి చేతిలో పెడతాడు. "నొక్కి చూడు తమ్మీ, దూదిలా ఉంది" అంటాడు. అక్కడే మోసపోతున్నాం. పరిగెత్తేవాడి కాలు ముందుకే పోతుంది. అందుకే ఆ బూటుకు మడమ కింద ఎత్తయిన మెత్త, పైన పలచని జాలీ గుడ్డ. కోర్టులో కాలు అట్లా పోదు. పక్కకు పోతుంది, ఠక్కున ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. పికిల్‌బాల్‌లో నెట్టుకు 7 అడుగుల లోపల నిలబడి, నేలను తాకని బంతిని కొట్టకూడదు. అందుకని ఆ గీత వెనకాలే అటూ ఇటూ గెంతడంతోనే సగం ఆట సరిపోతుంది. ఎత్తు మెత్త మీద పక్కకు గెంతితే పాదం అంచు మీదుగా దొర్లుతుంది, చీలమండ మడతపడుతుంది. ఉద్యోగస్తుడికి మడతపడితే సెలవు పెడతాడు. కూలి పిల్లకు మడతపడితే నాట్లు పోతాయి, పూట గడవదు. మన కాలే మన కూలి!

ఏది కొనాలో మన పెద్దల పనితనమే చెబుతుంది. చెప్పు కుట్టే తాత నెంబరు అడిగేవాడా? పాదం పెట్టించి చుట్టూ గీత గీసుకునేవాడు. మీరూ అట్లనే అట్ట మీద గీసి, కత్తిరించి, బూటు లోపలి మెత్త తీసి దానిమీద పెట్టి చూడండి. అట్ట బయటికొస్తే ఆ బూటు మీది కాదు. సాయంత్రం పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పుడే, ఆడే సాక్సులతోనే తొడిగి చూడాలి. వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు. తర్వాత రెండు చేతులతో పట్టి తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి. నడిమికి మెలి తిరిగిందా, వదిలేయండి. వేళ్ళు వంగే చోటే వంగాలి. అడుగు వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉండాలి.

సిమెంటు కోర్టయితే గట్టి రబ్బరు, దానిమీద చేపముల్లు లాంటి వంకర గీతలు. టెన్నిస్ బూట్లు సరిపోతాయి. లోపల చెక్క నేలో, మ్యాటో అయితే పట్టు ఉండే గమ్ రబ్బరు షటిల్ బూట్లు. వాటిని సిమెంటు మీద వాడితే తొందరగా అరిగిపోతాయి. బడి తెల్ల కాన్వాసు బూట్లు పక్కకు అంతగా దొర్లవు గానీ మోకాలికి దెబ్బ తగలనిస్తాయి. 'పికిల్‌బాల్ బూట్లు' అనే ముద్ర ఒక్కటే చూపి ఎక్కువ ధర అడిగితే, ఆ ముద్రకు పైసా ఇవ్వొద్దు.

ఇంకో పాడు అలవాటుంది. అన్న వాడి పారేసినవి చెల్లికిస్తారు. గీతలరిగిన అడుగు, ఒక సైజు పెద్దది. అదే పిల్లను పడేసేది. ఆడపిల్లకూ కొత్త జతే కొనాలి.

తెలంగాణ ఊళ్ళలో 2022లో క్రీడా ప్రాంగణాలని బోర్డులు పాతారు. ఆంధ్రలో 2023 చివర 'ఆడుదాం ఆంధ్రా' అన్నారు. బోర్డుకు రంగు వేసిన లెక్క అడగండి, బూట్లకు పెట్టిన లెక్కా అడగండి. వచ్చే గ్రామసభలో యువజన సంఘాల వాళ్ళు ఒక్కొక్కరి పాదం గీసిన అట్టలు పట్టుకునిపోయి బల్ల మీద పెట్టండి. బనీన్ల దాత అక్కడే కూర్చునుంటే ఆయనకూ చెప్పండి: అయ్యా, మీ పేరు బూటు అడుగున అచ్చేయించుకోండి, మాకేం అభ్యంతరం లేదు.