గెడ్డ నీళ్ళకి ఎవరి అనుమతి కావాలి?

మన్యం కొండల మీద ఇప్పుడు చెరువులు కడతామంటున్నారు. ఊరి చెరువులు కావు, ప్రైవేట్ కంపెనీల చెరువులు. కాగితాల మీద వాటి పేరు పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం అదానీ గ్రీన్ ఎనర్జీకి మొత్తం 3,700 మెగావాట్ల ప్రాజెక్టులకు ఆమోదం చెప్పింది. అందులో కురుకుట్టి 1,200, కర్రివలస 1,000 మెగావాట్లు. రెండూ పార్వతీపురం మన్యం జిల్లాలోవే. అల్లూరి జిల్లాలో ఎర్రవరం, పెదకోట పేర్లు కూడా వింటూనే ఉన్నాం.

ఇది ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకుందాం. కొండ పైన ఒక చెరువు, కింద ఒక చెరువు, మధ్యలో సొరంగం. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి తోడతారు. సాయంత్రం కరెంటుకి గిరాకీ పెరిగాక ఆ నీళ్ళనే కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. తోడడానికి పెట్టిన కరెంటులో ఐదో వంతో, నాలుగో వంతో పోతుంది కూడా. అంటే ఇది కరెంటు పుట్టించేది కాదు, దాచిపెట్టేది.

"అవే నీళ్ళు పైకీ కిందికీ తిరుగుతాయి, నదికి అడ్డుకట్టే లేదు, మీకేం నష్టం?" అంటారు కంపెనీ వాళ్ళు. మరి మొదటిసారి ఆ చెరువులు నింపే నీళ్ళెక్కడివి? ఎండకి ఆవిరైపోయే నీళ్ళు ఏటేటా ఎక్కడినుంచి తెచ్చి పోస్తారు? మన కొండల్లో అయితే గెడ్డ నుంచే, లేదంటే ఆ గెడ్డలు నింపే రిజర్వాయరు నుంచే.

గెడ్డ అంటే మనకి ఏంటో ఆఫీసు ఫైల్లో ఉండదు. ఊట దగ్గర పైపు పెట్టి ఊళ్ళోకి తెచ్చుకున్న గ్రావిటీ నీళ్ళు, గెడ్డ పక్క పల్లంలో వరి, మేకలకి ఆవులకి తాగునీరు, ఎండాకాలం చేపలు, పీతలు. ఫైల్లో ఉండేది ఎన్ని ఎకరాల అడవి పోతుంది, ఎంత పట్టా భూమి పోతుంది, ఎన్ని ఇళ్ళు లేస్తాయి, అంతే. చెరువు కట్టే చోటుకి రెండు మూడు కిలోమీటర్ల దిగువన ఉన్న ఊరిలో ఒక్క సెంటు భూమి కూడా పోకపోవచ్చు. వాళ్ళ గెడ్డ మాత్రం వేసవిలో ఎండిపోతుంది. వాళ్ళ పేరు బాధితుల జాబితాలో ఎక్కదు, వాళ్ళని ఎవరూ అడగరు కూడా. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: అనుమతి అడగాల్సింది సర్వే నంబరు చూసి కాదు, నీళ్ళు పారే దారి చూసి. ఆ గెడ్డ మీద బతికే ప్రతి ఊరి గ్రామసభనీ అడగాలి.

చట్టంలో ఇందుకు ఆధారం లేదనుకోవద్దు. పెసా చట్టం (1996) సెక్షన్ 4(జె) షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకే అప్పగించాలంటుంది. అటవీ హక్కుల చట్టం (2006) సెక్షన్ 3 చేపలు, నీటి వనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఇస్తుంది. సెక్షన్ 5 అయితే పరీవాహక ప్రాంతాలు, నీటి వనరులు కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. భూమి సంగతి చూస్తే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి ఇవ్వకూడదని, ప్రైవేట్ కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తే అని 1997 సమతా తీర్పు చెప్పింది. అది మైనింగ్ లీజుల కేసే, కానీ దాని పునాది 1/70 చట్టం. ఆ చట్టం గనులకి ఒక్కదానికే కాదు.

ఇంకో మాట మన యువత గట్టిగా పట్టుకోవాలి. పర్యావరణ అనుమతి కోసం పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ వేరు, గ్రామసభ వేరు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి కోరం అక్కర్లేదు, ఓటింగు ఉండదు. పది మంది వచ్చినా జరిగినట్టే. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకి అలా కుదరదు. సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అందుకే కంపెనీలకి మొదటిది ఇష్టం, రెండోది భయం. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు వరసగా వద్దన్నాయి, వేదాంత గని ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన 2022 అటవీ సంరక్షణ నియమాల్లో ఏం చేశారో చూడండి. గ్రామసభ సంగతి తేలకముందే కేంద్రం తుది అనుమతి ఇచ్చేయొచ్చు, హక్కుల పని తర్వాత రాష్ట్రం చూసుకుంటుంది! ఢిల్లీలో సంతకం అయిపోయాక ఊరిని అడిగితే అది అడగడం అవుతుందా?

"సోలార్ కరెంటు దాచుకోకపోతే బొగ్గే కాల్చాలి, మీరు దానికీ అడ్డమేనా?" అని కొందరు స్నేహితులు కూడా అంటున్నారు. బొగ్గు తగ్గాలనే మేమూ అంటాం. కానీ మాచ్‌ఖండ్ నుంచి సీలేరు దాకా కరెంటు కోసం నీళ్ళూ భూములూ ఇచ్చింది మన కొండలే. ఆ తీగలు ఎన్నో ఊళ్ళు దాటుకుని దిగువకి పోయాయి. ఈసారైనా ముందు అడగండి, దిగువ ఊళ్ళ నీళ్ళు లెక్కగట్టండి, వద్దంటే ఆపండి. ఇది పర్యావరణానికి వ్యతిరేకం ఎలా అవుతుంది? పైగా ఇది కొండ మీద ఊళ్ళ గొడవే కాదు. ఈ గెడ్డలే కిందికి దిగి శారద, గోస్తని అవుతాయి. మైదానం రైతులు కూడా మనతో నిలబడాల్సిన విషయం ఇది.

ఊళ్ళల్లో ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పనులు ఉన్నాయి. ప్రతి గెడ్డకీ ఒక పుస్తకం పెట్టండి. ఒక బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో నెలకోసారి కొలిచి తేదీతో రాయండి, ఫోటో తీయండి. ఎన్ని ఇళ్ళు తాగుతున్నాయి, ఎన్ని ఎకరాలు తడుస్తున్నాయి, ఏ చేపలు దొరుకుతున్నాయి, పెద్దవాళ్ళని అడిగి రాయండి. సామూహిక అటవీ హక్కులకి దరఖాస్తు పెట్టని ఊళ్ళు వెంటనే పెట్టండి, అందులో గెడ్డ పేరు, ఊట పేరు విడిగా రాయండి. షెడ్యూల్‌లో లేని గిరిజన గ్రామాలకి పెసా లేదు గానీ అటవీ హక్కుల చట్టం ఉంది, మర్చిపోవద్దు. ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందు నోటీసు ఇచ్చారా, నివేదిక సారాంశం తెలుగులో ఉందా చూడండి. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, వినిపించకుండా కదలనివ్వొద్దు. ఖాళీ కాగితం మీద, హాజరు పట్టీ అని చెప్పిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. వేలిముద్ర వేసే అమ్మలకి, తాతలకి ఈ మాట ఇంటింటికీ వెళ్ళి చెప్పండి.

సర్వే మిషన్లు కొండెక్కాక కొలతలు మొదలుపెడితే ఆలస్యం. వచ్చే సంత రోజు నలుగురు కూర్చుని మీ గెడ్డ పుస్తకం మొదటి పేజీ రాయండి.

జోహార్! జై ఆదివాసీ!