కోతికి పనిచేసింది, మరి మనిషికి?

కిందటి నెల రాత్రి పాళీ దిగి వస్తుంటే మా గల్లీ తమ్ముడొకడు ఫోన్ చూపెట్టిండు. "అన్నా, ఎయిడ్స్‌కు టీకా వచ్చిందట. కోతుల మీద పాసయిందట. ఇంక గోళీలెందుకు?" అన్నడు. నాలుగు రోజులనుంచి మింగుతలేడని అప్పుడు తెలిసింది. ఈ సంగతి రాయమన్నది వాడే. పేరు మాత్రం రాయను.

ముందు కోతి ముచ్చట. మనుషులకొచ్చే హెచ్‌ఐవి మన ఎర్రమూతి కోతుల్లో నిలవదు. అందుకని శాస్త్రజ్ఞులు దానికి చుట్టమైన ఎస్‌ఐవి అనే వైరస్‌తో పరీక్షలు చేస్తారు. అది ఆఫ్రికా కోతుల్లో ఉంటుంది. వాటిని పెద్దగా బాధపెట్టదు. ఎర్రమూతి కోతికి సోకితే మాత్రం ఎయిడ్స్ లాంటి జబ్బే వస్తుంది. మన సర్కారు 1978లో ఈ కోతుల ఎగుమతిని ఆపింది. అంతకుముందు అమెరికాకు పోయినవాటి సంతతి అక్కడి ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఉంది.

కోతుల వల్ల మనకు మేలు జరగలేదా అంటే, జరిగింది. 1995లో అమెరికాలో కొన్ని కోతులకు ఎస్‌ఐవి ఎక్కించి, అంతకు ముందో, ఒక రోజు లోపలో టెనోఫోవిర్ అనే మందు ఇచ్చారు. మందు తీసుకున్న ఒక్క కోతికీ వైరస్ సోకలేదు. తర్వాత మనుషుల మీద ఏండ్లపాటు పరీక్షించాకే, 2001లో అక్కడ అనుమతి దొరికింది. ఇవాళ ఏఆర్‌టీ సెంటర్‌లో పైసా తీసుకోకుండా ఇచ్చే గోళీలోని మూడు మందుల్లో అదొకటి.

టీకా కథ వేరు. ఒక టీకా కోతుల్లో మంచిగ పనిచేసినట్టే కనబడింది. మనుషులకు వేసి చూస్తే కాపాడలేదు. 2007లో ఆ పరీక్షనే ఆపేశారు. ఒక సాంచె మీద నమూనా గుడ్డ మంచిగ దిగిందని, నూలు మారినంక కూడా అట్లనే దిగుతదా? హెచ్‌ఐవికి ఇప్పటికీ టీకా లేదు.

గోళీ ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. ఆపుతూ, మింగుతూ ఉంటే మందుకు లొంగకుండా కూడా తయారుకావచ్చు. రోజూ మింగి, వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గితే, ఆలుమగల కలయికతో అది ఒకరి నుంచి ఒకరికి సోకదు. ఊర్లె పెండ్లికో, పండుగకో పోయేముందు సెంటర్‌లో చెప్పి, సరిపోను గోళీలు అడిగి తెచ్చుకోండి.

ఆ తెల్లారి ఇద్దరం సెంటర్‌కు పోయినం. తమ్ముడు మళ్లీ మింగుతున్నడు. కోతుల మీద పాసయిందన్న వార్త రేపు ఇంకొకటి వస్తది. చదువుదాం, సంతోషపడుదాం. ఆ రాత్రి గోళీ మాత్రం మరువద్దు.