హల్‌చల్ ఎవరిది?

మా ఉర్దూ మీడియం బడిలో హల్‌చల్ అంటే అలజడి, గలాటా. జర్నలిస్టునయ్యాక చూస్తే, తెలుగు పేపర్లు ఆ లఫ్జును ఏనుగులకే రాసిచ్చేసినట్టున్నాయి. ‘ఏనుగుల హల్‌చల్’ అని నేనూ ఎన్నోసార్లు హెడ్డింగు పెట్టాను. మొన్న కురుపాం వెళ్లొచ్చాక ఆ హెడ్డింగులు గుర్తొస్తే షర్మిందగీగా ఉంది.

అక్కడ నాకొక దోస్తున్నాడు. జాతాపు మనిషి, బడిపంతులు. ఫజర్ నమాజ్ కాగానే ఇద్దరం కొండదారి పట్టాం. మగ్రిబ్‌లోపు దిగిపోవాలని ఇరాదా. జీడితోటలు దాటామో లేదో, దారి మధ్యలో తాజా లద్దె కనిపించింది. దోస్తు నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

“భాయ్, ఇంక మాట్లాడొద్దు.”

గెడ్డ అవతల వెదురు కదిలింది. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు, వెనక ఇంకో రెండు, వాటి కాళ్ల మధ్య ఒక గున్న. నీళ్లు తాగుతున్నాయి, అంతే. నా చెయ్యి జేబులో ఫోను మీదికి పోయింది. దోస్తు వద్దన్నట్టు తల ఊపాడు. చప్పుడు లేకుండా వెనక్కి నడిచాం. మా సఫర్ అక్కడితో ఖతం.

అసలు హల్‌చల్ కింద రోడ్డు మీద కనిపించింది. బైకుల మీద కుర్రాళ్లు, చేతుల్లో ఫోన్లు, ఈలలు. “ఎటున్నాయి మాస్టారూ?” అని అడిగారు. దోస్తు జవాబివ్వలేదు.

ఊళ్లో ఒక పెద్దమ్మ పడిపోయిన అరటితోట చూపించింది. “ఏనుగుల్ని తిట్టి ఏటి లాభం బాబూ? అర్జీ ఎట్టి ఏడాదయినాది, పైసా రానేదు” అంది.

ఒడిశా లఖేరీ అడవుల వైపు నుంచి వచ్చిన ఏనుగులు 2018 నుంచి ఈ ప్రాంతంలోనే తిరుగుతున్నాయి. పెద్ద ఏనుగుకు రోజుకు దాదాపు 150 కిలోల మేత కావాలి. పక్కనే వరి, చెరకు, అరటి ఉంటే అటు రాకుండా ఎక్కడికి పోతాయి? 2023 మేలో ఇదే పార్వతీపురం మన్యం జిల్లా, భామిని మండలం కాట్రగడ దగ్గర పొలంలోని ట్రాన్స్‌ఫార్మర్ తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి.

తరిమేయండి అనేవాళ్లను ఒకటే అడుగుతాను: ఎక్కడికి? ఈ ఊరి నుంచి తరిమితే పక్క ఊరి పొలంలో పడతాయి. పట్నంలో కూర్చుని ‘అడవి వాటిదే కదా’ అనేవాళ్లకూ ఒక సవాల్: మరి ఆ పెద్దమ్మ అరటితోట ఎవరిది? జానవర్ మీద రహమ్ మనదీ, నష్టం మాత్రం గరీబుదీ అయితే అది ఇన్సాఫ్ కాదు. మళ్లీ నాట్లు వేసేలోపు ముఆవజా చేతికి రావాలి. ఏనుగుల దారిలోని ట్రాన్స్‌ఫార్మర్లకు గట్టి కంచె వేయాలి, వేలాడే తీగలు ఎత్తు చేయాలి. ఇది హుకూమత్ పని.

మన పనీ ఒకటుంది. సెలవులకు బాల్‌బచ్చాలతో ఆ వైపు వెళ్లే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. దారిలో ఏనుగులున్నాయని తెలిస్తే బండి వెనక్కి తిప్పండి. వీడియో కోసం దిగకండి. పిల్లలకు సూరె ఫీల్ చిన్నప్పుడే యాద్ చేయిస్తాం కదా, ఒక మాట కూడా చెప్పండి: ఆ కిస్సాలో ఖసూర్ ఏనుగుది కాదు, దాన్ని తోలుకొచ్చినవాళ్లది.

నా వంతుగా, ఆ హెడ్డింగు ఇక పెట్టను.