నెలకు వెయ్యి రూపాయలు: అడవి మిగులుతుందా, తరుగుతుందా?

తార్‌బహార్ రైల్వే బస్తీలోని తెలుగు కుటుంబాలకు బిలాస్‌పూర్–కట్నీ మార్గం కొత్త కాదు. బెల్గహనా, ఖోంగ్‌సరా స్టేషన్ల వైపు వెళ్లినవారికి కిటికీకి ఇరువైపులా అడవి కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ అంతటా అర్హులైన వివాహిత స్త్రీలకు ‘మహతారీ వందన్’ పథకం క్రింద 2024 మార్చి నుండి నెలకు రూ. 1,000 ఖాతాలో జమ అవుతున్నది. ఈ సొమ్ముతో అడవికేమి సంబంధమని మీరు అడగవచ్చు.

ఇదే ప్రశ్నకు రెండు దేశాల అనుభవం రెండు విధాలుగా ఉన్నది. మెక్సికోలో పేదలకు నగదు అందిన చోట్ల అడవి మరింత తరిగిందని 2013లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. చేతిలో డబ్బు ఆడగానే పాలు, మాంసం వాడకం పెరిగింది. దారి సరిగా లేని ఊళ్లలో వాటికి కావలసిన భూమిని సమీపాననే చదును చేశారు. ఇండోనేషియాలో ఇందుకు భిన్నంగా జరిగింది. 2008–2012 మధ్య నగదు సాయం అందిన 7,468 అటవీ గ్రామాలలో చెట్ల నష్టం సుమారు 30 శాతం తగ్గిందని 2020 నాటి అధ్యయనం లెక్కగట్టింది. వానలు ఆలస్యమైన ఏడు అడవి నరికి పొట్ట పోసుకొనే అవసరం అక్కడ తగ్గింది.

మన ప్రాంతానికి రెండవదే దగ్గరని నా అభిప్రాయం. తునికాకు సొమ్ము వేసవిలో వస్తుంది, వానాకాలం నడిమికి ఖర్చైపోతుంది. కొత్త వడ్లు ఇంటికి వచ్చేదాకా కట్టెలమోపు అమ్మి బియ్యం కొనే ఇంటికి అడవియే పొదుపు ఖాతా. ఆ నెలల్లో చేతికందే వెయ్యి రూపాయలు కొన్ని మోపులనైనా ఆపగలవు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు వలె ఎకరాల లెక్కన ఇచ్చే సాయం వేరు. దానికి భూమి కావాలి. పోడు సమస్య ఉన్న చోట ఆ తేడాను మరువరాదు.

కనుక బ్యాంకువారైనా, దుకాణదారులైనా ఈ సొమ్మును పాత బాకీ క్రింద జమకట్టుకొనరాదని నేను గట్టిగా చెబుతాను. బాకీ ఒక నెల తీరవచ్చు గాని, ఆ ఇల్లాలు గొడ్డలి పట్టుకొని అడవికి వెళ్లక తప్పదు. వాయిదాను పంట అమ్మకం వేళకు మార్చమని శాఖలో వ్రాతపూర్వకంగా అడగండి. డీలర్లు దారులు బురద కాకముందే, జ్యేష్ఠమాసంలోనే బియ్యం, పప్పు, నూనె అటవీ గ్రామాలకు చేర్చవలసి ఉంటుంది. ఖాతాలో డబ్బుండి ఊళ్లో సరుకు లేకపోతే మెక్సికోలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది.