మూడు గింజల కషాయం

 

దివ్యఖుర్ఆన్‌లో ఆవగింజ ప్రస్తావన రెండు చోట్ల వస్తుంది. ఒకటి అంబియా సూరా 47వ ఆయతు, రెండవది లుఖ్మాన్ సూరా 16వ ఆయతు. ఆవగింజంత కర్మ అయినా అల్లాహ్ లెక్కనుండి తప్పిపోదని వాటి సారాంశం. లుఖ్మాన్ సూరాలో దీనికి రెండు ఆయతుల ముందే తల్లిదండ్రుల గురించిన ఆదేశం ఉన్నది. ఆవగింజను, తల్లిదండ్రుల సేవను కలిపిన ఒక కషాయం చీనా సంప్రదాయ వైద్యంలోనూ ఉన్నది.

మింగ్ వంశ కాలపు వైద్యుడు హాన్ మావ్ 1522 నాటి తన గ్రంథంలో ఆ సంగతి వ్రాశాడు. ముగ్గురు విద్యావంతులు ఆయన వద్దకు వచ్చి, వృద్ధులైన తమ తల్లిదండ్రులు దగ్గుతో, ఆయాసంతో, కఫంతో బాధపడుతున్నారని మొరపెట్టుకున్నారు. ఆ పెద్దలను సాధారణ రోగులవలె చూడటం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఆహారంవలె పుచ్చుకోదగిన కషాయాన్ని ఆలోచించాడు. తెల్ల ఆవాలు, ముల్లంగి గింజలు, తులసి కుటుంబానికి చెందిన పెరిల్లా గింజలు కడిగి, దోరగా వేయించి, నలగగొట్టి, చిన్న పట్టుగుడ్డ సంచిలో ఉంచి కాచి, తేనీటివలె త్రాగించమన్నాడు. అతిగా మరిగించరాదన్నాడు. మలబద్ధకం ఉంటే కొంచెం తేనె, చలికాలమైతే మూడు అల్లం ముక్కలు చేర్చమన్నాడు. దాని పేరు 'సాన్ జి యాంగ్ చిన్ తాంగ్'. చీనా భాషలో 'జి' అనగా గింజ. బిడ్డ అని కూడా అర్థం. మూడు గింజలన్నా, ముగ్గురు బిడ్డలన్నా, తల్లిదండ్రులను పోషించేవే!

చీనా వైద్యుల దృష్టిలో ఆవాలది కారపు రుచి, ఉష్ణ గుణం; చలువవల్ల పేరుకున్న కఫాన్ని అవి కరిగిస్తాయి. పెరిల్లా ఆయాసాన్ని, ముల్లంగి గింజలు అజీర్ణాన్ని అణచుతాయి. ఏ లక్షణం ప్రబలంగా ఉంటే ఆ గింజకు ప్రాధాన్యం. యూనానీ హకీములు కూడా ఖర్దల్‌ను, అనగా ఆవాలను, వేడి, పొడి గుణాలు కలదిగానే ఎంచారు.

అయితే ఒక హెచ్చరిక. నలిగిన ఆవగింజకు తడి తగలగానే అందులోని ఎంజైము ఘాటైన నూనెను పుట్టిస్తుంది. వేయిస్తే ఘాటు తగ్గుతుంది. పచ్చి ఆవపిండి పట్టు వేస్తే చర్మం బొబ్బలెక్కవచ్చు. పసివారికి, వృద్ధులకు మరింత ప్రమాదం. పొడిదగ్గు, కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవారికి చీనా వైద్యులే దీనిని వారిస్తారు. వైద్యం తెలియకుండా చికిత్స చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని హదీసు బోధ. కనుక ఇది చదివి ఇంట్లో ప్రయోగాలు చేయకండి. దగ్గు వారాల తరబడి వదలకపోయినా, కళ్లెలో రక్తం కనిపించినా వెంటనే వైద్యునికి చూపించండి.

కషాయం కాచడం వైద్యుని పని. ఆ ముగ్గురు చేసిన పని మాత్రం మనదే. అర్ధరాత్రి అబ్బాజాన్ దగ్గుతుంటే పక్క గదిలో దుప్పటి ముసుగు లాగుకొనే కొడుకులు మనలో లేరా? వృద్ధులైన తల్లిదండ్రుల ఎదుట విసుగుతో 'ఉఫ్' అనడాన్ని కూడా ఇస్రా సూరా 23వ ఆయతు నిషేధించింది. లేచి ఒక గ్లాసు గోరువెచ్చని నీరు అందించడం, వీపు నిమరడం, తెల్లవారగానే వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం మనకు చిన్న పనులే. ఆవగింజంత పని కూడా తూనికకు వచ్చే దినం ఒకటి ఉన్నది.

అల్లాహ్ మన తల్లిదండ్రులకు ఆరోగ్యాన్ని, మనకు వారి సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.